చిప్ప కింది చింతపిక్కలు

వెంకటకృష్ణారావు గారు తోటనుంచి వచ్చి అరుగు కింద చెప్పులు వదిలే చప్పుడు వంటింట్లోకి వినపడేది. ఆ చప్పుడికి సుబ్బరత్నమ్మ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగేది. చెప్పులు ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా పడితే ఫరవాలేదు. మనిషి అలిసిపోయి వచ్చాడు, అన్నం పెడితే సర్దుకుంటాడు. రెండూ ఒక్కసారిగా, పక్కపక్కనే, బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడితే మాత్రం ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అడక్కూడదు. పిల్లలు పుస్తకాలు తీసుకుని పెరట్లోకి పోవాలి. పప్పులో ఉప్పు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

మైలవరం దగ్గర పుట్టి, పదిహేనో ఏట విస్సన్నపేట రోడ్డు మీది ఆ ఊరికి కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ సుబ్బరత్నమ్మ చదివిన చదువు అదే. ఆయన గొంతు సవరించుకునే తీరు, మంచినీళ్ళు అడిగేటప్పుడు ముందు "ఏమే" ఉందా లేదా, కండువా దండెం మీద వేశారా కుర్చీ మీద పడేశారా, అన్నీ ఆవిడకి అక్షరాలే. ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదు. తిట్టడం కూడా తక్కువే. ఒక మాట అనేవారు, ఆ మాట మీద ఏళ్ళ తరబడి కూర్చునేవారు. అది ఇంకా కష్టం.

చింతలపూడి మాట అలాంటిదే.

చింతలపూడిలో ఆవిడ అక్క వీరరాఘవమ్మ ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెలికి తల దువ్వి, జడ వేసి, అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచింది ఆ అక్కే. ఈవిడని "రత్తీ" అని పిలిచే మనిషి లోకంలో ఆవిడొక్కతే. పదకొండేళ్ళ కిందట ఆ అక్క, కూతురి పెళ్ళికి పిలవడానికి మొగుడితో కలిసి వచ్చింది. మామిడికాయ కోతల రోజులు. ఇంటిల్లిపాదీ తోటలో ఉన్నారు, తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది. వాళ్ళు కాసేపు అరుగు మీద కూర్చున్నారు. ఇంకా పిలవాల్సిన ఊళ్ళు చాలా ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేకపోతే అందరూ చేసేదే వాళ్ళూ చేశారు. గుమ్మానికి బొట్టు పెట్టి, శుభలేఖ గొళ్ళెంలో దోపి వెళ్ళిపోయారు.

సాయంత్రం వెంకటకృష్ణారావు గారు వచ్చి ఆ బొట్టు చూశారు. చాలాసేపు చూశారు.

"నేను తోటలో ఉన్నానని ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. నాలుగడుగులు నడవలేకపోయారు. ఇంట్లో మనిషి లేడనుకున్నారా?" అన్నారు. "గుమ్మాన్ని పిలిచారుగా. గుమ్మమే వెళ్తుంది పెళ్ళికి."

అంతే. పెళ్ళికి ఎవరూ వెళ్ళలేదు. ఆ తర్వాత పురుళ్ళూ, పుణ్యాలూ, చావులూ వచ్చాయి, పోయాయి. తరవాతి ఏడాది గుమ్మానికి కొత్తగా రంగు వేయించినా, శుక్రవారం శుక్రవారం పసుపు రాసేటప్పుడు ఆ చోట చెయ్యి వెళ్ళగానే సుబ్బరత్నమ్మ వేళ్ళు నెమ్మదించేవి. చింతలపూడి వెళ్తానని ఆవిడ ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. అడగడానికి తగిన పూట దొరకలేదు.

ఎనభై ఆరు వేసవిలో రెండో కొడుకు రత్నబాబు మద్రాసు నుంచి పచ్చటి కళ్ళతో దిగాడు. అక్కడ ఇంజనీరింగు చదువుతూ హాస్టల్ తిండికి కామెర్లు తెచ్చుకున్నాడు. పసరు పోయించారు, నూనె మాన్పించారు, మంచం దిగొద్దన్నారు. కుర్రాడికి పొద్దుపోక, ఇంట్లో ఉన్న ఆడవాళ్ళిద్దరికీ ఒక ఆట నేర్పాడు. ఒకరు తల్లి. రెండోవారు అన్నయ్య భార్య పుష్పవతి.

హాస్టల్లో ఎవరో సీనియర్ దగ్గర ఆ ఫారిన్ ఆట పుస్తకం జిరాక్సు కాపీ ఉందట. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారట. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులైపోయి, నేనిలా చేస్తానంటే నేనిలా చేస్తానంటారు. పాడుబడ్డ కోటలు, నేలమాళిగలు, రాక్షసులు, మాయలవాళ్ళు. ఎదురుపడ్డ ప్రతివాడికీ ఇంత అని బలం ఉంటుంది. అక్కడ దానికి ఎన్నో ముఖాల పాచికలు ఉంటాయట. ఇక్కడ గవ్వలూ చింతపిక్కలే దిక్కు. శత్రువు బలం ఎంతో అన్ని పిక్కలు కొబ్బరిచిప్ప కింద పెట్టి బోర్లిస్తాడు రత్నబాబు. ఎన్ని పెట్టాడో చెప్పడు. అడిగినదానికి మాత్రం అబద్ధం ఆడడు. ఆ శత్రువు వాలకాన్ని బట్టి బలం ఎంతో అంచనా కట్టుకుని, కలబడాలో తప్పుకోవాలో ఆడేవాళ్ళే తేల్చుకోవాలి. కలబడితే గవ్వలు వేస్తారు, వెల్లకిలా పడ్డవే లెక్క. ఓడితే మన దగ్గరున్న పిక్కలు పోతాయి. అన్నీ పోతే కథలో మన మనిషి పోయినట్టే.

సీజన్లో వెంకటకృష్ణారావు గారూ పెద్ద కొడుకూ మధ్యాహ్నం పూట తోటలోని పాకలోనే నడుం వాల్చేవారు. ఇంట్లో ఆ వేళ స్వేచ్ఛ. రసాలు గడ్డిలో మాగేసిన గదిలో చల్లగా ఉంటుందని రత్నబాబు మంచం అక్కడే వేశారు. గదంతా తియ్యటి ఉక్క. సుబ్బరత్నమ్మ ముందు పళ్ళెం పెట్టుకుని, ఆవకాయ ముక్కల్లో జీడి తీసి గుడ్డతో తుడుస్తూ కూర్చునేది.

"నువ్వెవరిగా ఉంటావమ్మా? వదిన కత్తి తీసుకుంది. నువ్వు మంత్రగత్తెవైపో."

"నాకెందుకురా మంత్రాలు. వంటమనిషిగా వస్తా."

"కోట మీదికి యుద్ధానికి పోతుంటే వంటమనిషేంటి?"

"యుద్ధానికి పోయేవాళ్ళు తినరా?"

పుష్పవతి నవ్వింది. "రాసుకో రత్నబాబూ, అత్తయ్య వంటమనిషి. ఆయుధం అట్లకాడ."

"సరే, పేరు చెప్పు. కాస్త గట్టి పేరు."

సుబ్బరత్నమ్మ ముక్క తుడవడం ఆపి, "రత్తి" అంది.

"రత్తేంటమ్మా, గాలొస్తే పడిపోయేట్టుంది."

"అదే పెట్టు."

మొదటి రోజే కోట గుమ్మం దగ్గర ఒక రాక్షసుడు తగిలాడు. తాటిచెట్టంత మనిషి. అరుపుకి కొండ మీద రాళ్ళు దొర్లుతున్నాయని వర్ణించి వర్ణించి చెప్పాడు రత్నబాబు. పుష్పవతి వెనక్కి పోదామంది. సుబ్బరత్నమ్మ తలెత్తకుండా అడిగింది. "మనం రాకముందు నుంచీ అరుస్తున్నాడా, మనల్ని చూశాకా?"

"చూశాక."

"ఉన్నచోటునుంచి కదిలాడా?"

"లేదు."

"అయితే కదల్లేడు. మనం దగ్గరికి రాకుండా ఉంటే చాలని చూస్తున్నాడు. మూడు పిక్కలు ఉంటాయేమో."

చిప్ప ఎత్తితే మూడే ఉన్నాయి. రత్నబాబు తల్లి ముఖంలోకి చూశాడు.

ఇంకో రోజు బావి దగ్గర ఒక ముసలమ్మ పత్తి వొడుకుతూ కనిపించింది. కలబడే పనేముంది, దాటిపోదామంది పుష్పవతి. "వద్దమ్మా," అంది సుబ్బరత్నమ్మ. "ఇంత అడవిలో ముక్కూమొహం తెలీని వాళ్ళొస్తే, ఎవరు మీరని అడగలేదు చూడు. అడగక్కర్లేనంత బలం ఉంది దానికి." పుష్పవతి వినకుండా ముందుకు పోయి, ఉన్న పిక్కల్లో సగం పోగొట్టుకుంది.

ఆవిడ అడిగే ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ లేనివి. వాడు అన్నం తిన్నాడా. చేతిలో కర్ర కింద పెట్టాడా, ఆనించి పెట్టాడా. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగాడా. జవాబు వినగానే చిప్ప కింద ఉన్నదెంతో ఇంచుమించుగా చెప్పేసేది. చెప్పి, "పక్కదారి ఏమన్నా ఉందేమో చూడు," అనేది.

"అమ్మా, ఇన్నాళ్ళ బట్టీ ఆడుతున్నాం. రత్తి ఒక్కడితో కూడా కొట్లాడలేదు," అన్నాడు రత్నబాబు విసుగ్గా.

"కొట్లాడకుండానే ఇంత దూరం వచ్చాంగా."

"వచ్చాం. బలం లేనివాణ్ణి కూడా తప్పించుకునే వచ్చాం."

ఆవిడ ముక్కల పళ్ళెం తీసుకుని లేచిపోయింది.

ఆ వారంలోనే తోటలో కాయ ఏరే మంగమ్మ, మజ్జిగ కోసమన్నట్టు పెరటి వైపు నుంచి వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అమ్మగారూ, విస్సన్నపేట సెంటర్లో మీ అక్కగారబ్బాయి కనపడ్డాడండి. బసవపున్నారావు గారు. ఆయమ్మకి పక్షవాతం వచ్చిందంట. మూతి పక్కకి పోయిందంట. కుడి చెయ్యీ కాలూ పడిపోయినయ్యంట. మాట కూడా లేదంట."

సుబ్బరత్నమ్మ చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉంది.

"మీరొస్తారేమో కనుక్కోమన్నాడండి. ఎవరొచ్చినా గుమ్మం వైపే చూస్తందంట ఆయమ్మ. ఆయన ఇంటికి రావడానికి భయపడ్డాడు."

"మంచిపని చేశాడు," అంది సుబ్బరత్నమ్మ. ఎందుకలా అందో ఆవిడకే తెలీదు.

ఆ సాయంత్రం చెప్పులు పక్కపక్కనే నిలబడ్డాయి. గాలివానకి బంగినపల్లి కాయ సగం రాలిపోయింది. ఆ పూట కాదు. మర్నాడు చెప్పులు చెదిరి పడ్డాయి గానీ, వెనకే కాయ ఎత్తడానికి వచ్చిన లారీవాళ్ళు నలుగురు. మూడో రోజు ఆయన ఎందుకో నవ్వుతూ వచ్చారు, మనవరాలు లేని ఇల్లు ఇల్లేంటని కోడలితో పరాచికాలాడారు.

"అత్తయ్యా, ఇవాళ అడగండి. మామయ్యగారు బానే ఉన్నారు," అంది పుష్పవతి వంటింట్లో.

"బాగున్న పూట అడిగితే ఆ కాస్తా చెడగొట్టినట్టవుద్దమ్మా."

"బాగోలేనప్పుడు అడక్కూడదు. బాగున్నప్పుడు అడక్కూడదు. మరెప్పుడండీ?"

సుబ్బరత్నమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. పదకొండేళ్ళుగా తనకి తాను వేసుకోని ప్రశ్న అది. కోడలు ఎంత తేలిగ్గా అడిగేసిందో అనుకుంది. ఆ పూట అన్నం వడ్డిస్తూ ఆయన ముఖం చూసింది. అన్ని అక్షరాలూ చదివింది. మంచినీళ్ళ ముందు "ఏమే" ఉంది. కండువా దండెం మీద ఉంది. నోరు తెరిచింది. "పెరుగు వెయ్యనా?" అని అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం కోటలో ఆఖరి గదికి వచ్చారు. వాళ్ళు లోపలికి అడుగుపెట్టగానే వెనక తలుపు మూసుకుపోయిందన్నాడు రత్నబాబు. ఎదురుగా ఒక్కటే ద్వారం. దాని ముందు ముసుగు వేసుకుని ఒకడు కూర్చున్నాడు. చిప్ప బోర్లించాడు.

"అరుస్తున్నాడా?" అంది సుబ్బరత్నమ్మ.

"లేదు."

"మనం వచ్చినట్టు తెలుసా?"

"ముసుగు ఉంది కదమ్మా. తెలిసిందో లేదో తెలీదు."

"తిన్నాడా?"

"దాని ఆనవాలేం లేదు."

"చెప్పులు?"

రత్నబాబు ఒక్క క్షణం ఆగాడు. "కనపడవు. కాళ్ళ మీద కూడా ముసుగే."

ఆవిడ చేతిలో మామిడి ముక్క అలాగే పట్టుకుని కూర్చుంది. ఏం అడగాలో తోచడం లేదు. చదవడానికి ఒక్క అక్షరం లేదు. పుష్పవతి చీర కొంగుతో విసురుకుంటోంది. గడ్డి కింద మాగిన పళ్ళ వాసన గొంతు దాకా వచ్చి నిలబడింది.

"ఇంకో దారి?"

"లేదమ్మా."

"కలబడకపోతే?"

"ఏం కాదు. వాడి జోలికి పోకపోతే వాడు మన జోలికి రాడు. ఈ గదిలోనే ఉండొచ్చు. బియ్యం ఉన్నాయి, నీళ్ళున్నాయి, వంటమనిషి ఉంది. తిండికి లోటు లేదు."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళైనా."

రత్నబాబు ఆ మాట మామూలుగానే అన్నాడు. ఆటలో కథ చెప్పేవాడు ఎలా చెప్పాలో అలాగే. కావాలని అన్నాడో, కథ అలా కుదిరిందో, ఆ తరవాత కూడా సుబ్బరత్నమ్మ వాణ్ణి అడగలేదు. చేతిలో ముక్క పళ్ళెంలో వేసి, చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"గవ్వలు ఇలా ఇవ్వు."

"అత్తయ్యా, ఎంత బలం ఉందో తెలీకుండానా?" అంది పుష్పవతి.

"తెలీదమ్మా. పోదాం."

ఇన్నాళ్ళూ ఆవిడ గవ్వలు ముట్టుకోలేదు. మొదటిసారి తనే గుప్పిట్లోకి తీసుకుని వేసింది. అన్నీ బోర్లా పడ్డాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ బోర్లాయే. రత్తి పిక్కలు ఒక్కొక్కటే చిప్ప పక్కకి పోయాయి. చివరికి అట్లకాడ కూడా మిగల్లేదు.

"రత్తి పోయిందమ్మా," అన్నాడు రత్నబాబు. గొంతులో కాస్త జాలి ఉంది. "వాడి బలం ఎంతో చూస్తావా?" అంటూ చిప్ప మీద చెయ్యి వేశాడు.

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. "వద్దు. ఎత్తకు."

"ఆట అయిపోయిందిగా."

"అయిపోతే అయిపోయింది. చూడకు." ఆ చెయ్యి వదిలి, "పోతే ఏమవుద్దిరా?" అంది.

"ఏముంది, మళ్ళీ మొదట్నుంచి."

"అంతేనా," అంది సుబ్బరత్నమ్మ.

మర్నాడు పొద్దున్నే లేచి అన్నం, పప్పు, రత్నబాబుకి నూనెలేని కూర వండి గిన్నెల మీద మూతలు పెట్టింది. వెంకటకృష్ణారావు గారు అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నారు. ఆవిడ చీర మార్చుకుని, సంచిలో నాలుగు రసాలు వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన చెప్పులు ఎక్కడున్నాయో చూడలేదు. చూస్తే కాలు ఆగిపోతుందని తెలుసు.

"చింతలపూడి వెళ్తున్నానండి. అక్కయ్యకి పక్షవాతం వచ్చింది. వంట చేసి పెట్టాను. సాయంత్రానికి వచ్చేస్తా."

వేపపుల్ల ఆగింది. ఆయన వెళ్ళమనలేదు, వద్దనలేదు. రోడ్డెక్కేదాకా వీపు మీద ఆ చూపు ఉందో లేదో ఆవిడకి తెలీదు.

విస్సన్నపేటలో బస్సు మారాలి. చింతలపూడి బస్సు కోసం కూర్చున్నంతసేపూ ఇంటివైపు వెళ్ళే బస్సులు ఎదురుగా వచ్చి ఆగుతూనే ఉన్నాయి. ప్రతి బస్సుకీ ఆవిడ కాళ్ళు లేచాయి. వంట చేశానుగా, మజ్జిగ చిలికానా. కోడలి మీద విరుచుకుపడుతున్నారేమో. ఇప్పుడు తిరిగి వెళ్తే ఇంకా ఏమీ కానట్టే. బయటికి వచ్చినా ఆటలోని ఆ గది వెంటే వచ్చినట్టుంది. చింతలపూడి బస్సు వచ్చాక కూడా ఎవరో వెనక నుంచి తోస్తేనే ఎక్కింది.

వీరరాఘవమ్మ నులక మంచం మీద ఉంది. ముఖం ఒక వైపుకి జారిపోయింది. చెల్లెలు గుమ్మంలో కనిపించగానే గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. కొడుకు బసవపున్నారావు, "ఏదో చెబుతోంది పిన్నీ, అర్థం కావట్లేదు," అన్నాడు.

"నాకు అర్థమైందిరా," అంది సుబ్బరత్నమ్మ. పదకొండేళ్ళ తరవాత ఆ పేరు విన్నది, సగమే పలికినా.

రసం పండు పిండి చెంచాతో అక్క నోట్లో పోసింది. తల దువ్వి జడ వేసింది. ఇద్దరికీ మాటలు లేవు, ఒకరికి రాక, ఒకరికి చాలక. బయల్దేరబోతుంటే వీరరాఘవమ్మ ఎడమ చేత్తో కోడలి వైపు సైగ చేసి కుంకుమ భరిణె తెప్పించుకుంది. ఆ ఎడమ చేత్తోనే వణుకుతూ చెల్లెలి నుదుట బొట్టు పెట్టింది. కనుబొమ మీదికి వంకరగా పడింది.

"వచ్చే గురువారం మావాడికి అన్నప్రాసన పిన్నీ," అన్నాడు బసవపున్నారావు. "బాబాయిని పిలవాలంటే ధైర్యం చాలట్లేదు. ఈసారి ఏం తప్పు చేస్తామో."

"కుంకుమ కొంచెం పొట్లం కట్టివ్వు," అంది సుబ్బరత్నమ్మ.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరింది. తలుపు మూసి ఉంది. ఆ ఇంట్లో దీపాల వేళ తలుపు మూయరు. తోసింది. లోపల గడియ పెట్టి ఉంది. పక్క కిటికీలో పుష్పవతి ముఖం కనిపించింది, ఊచలు పట్టుకుని. "తీయొద్దన్నారు అత్తయ్యా," అంది గొణుగుతున్నట్టు. ఆ వెనక మంచం మీద రత్నబాబు లేచి కూర్చున్నాడు.

తలుపు వెనకాలే, మూరెడు దూరంలో, కుర్చీ కిర్రుమంది. ఆయన అక్కడే ఉన్నారు. దగ్గు లేదు, గొంతు సవరింపు లేదు. ముసుగు వేసుకున్నట్టు ఉన్నారు.

సుబ్బరత్నమ్మ కొంగు చివర ముడి విప్పి, పొట్లంలోంచి కుంకుమ తీసింది. శుక్రవారం శుక్రవారం వేళ్ళు నెమ్మదించే చోటు చీకట్లో కూడా తెలుసు. అక్కడే గుమ్మానికి బొట్టు పెట్టింది.

"చింతలపూడిలో అక్కయ్య మనవడికి గురువారం అన్నప్రాసన," అంది, పిలుపుకి వచ్చినవాళ్ళు అన్నట్టే, అందరికీ వినపడేలా. "అందరూ రావాలి. తలుపు వేసుంది, ఇంట్లో మనిషి లేరేమోనని గుమ్మానికి పెట్టాను."

లోపల్నుంచి చాలాసేపటికి ఆయన గొంతు వచ్చింది.

"ఇంట్లో మనిషి ఉన్నాడు."

"ఉంటే వినే ఉంటారు," అంది ఆవిడ. "పిలిచాను."

అరుగు మీద కూర్చుంది. కాళ్ళు లాగుతున్నాయి. కిటికీలోంచి పుష్పవతి చూస్తూనే ఉంది. ఎంతసేపయిందో, గడియ తీసిన చప్పుడైంది. వెంకటకృష్ణారావు గారు బయటికి వచ్చారు. ఆవిడ వైపు చూడలేదు. గుమ్మం వైపు చూశారు. ఆ చీకట్లో ఆ బొట్టు కనిపించిందో లేదో. చెప్పులు తొడుక్కుని తోట వైపు నడిచారు.

ఆయన గురువారం వస్తారో రారో, రాత్రి భోజనానికి మాట్లాడతారో, ఈ మాట మీద కూడా పదకొండేళ్ళు కూర్చుంటారో ఆ నడకలోనే రాసి ఉంటుంది. సుబ్బరత్నమ్మ తల తిప్పలేదు. లేచి, తెరిచి ఉన్న తలుపులోంచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద పాలు పెట్టింది. అదే పొయ్యి, అదే పొగ, పొద్దున వదిలినచోటే గరిటె.

పుష్పవతి లాంతరు తెచ్చి, అత్తగారి ముఖం చూసి చెయ్యి చాచింది. "బొట్టు వంకరగా ఉంది అత్తయ్యా. సరిచేస్తానుండండి."

"ఉండనీ," అంది సుబ్బరత్నమ్మ.